ఎనభై గ్రాములు

మొదటిసారి రాజలింగుకు గుండు గీసింది
చావుకు కాదు, తూకానికి.

అమరావతిల రాష్ట్రం పోటీలు.
కాటా మీద అరవై కిలోలు దాటి
డెబ్బై గ్రాములు నిలబడ్డయి.
రాత్రంత ప్లాస్టిక్ కవరు చుట్టుకొని మెట్ల మీద ఉరికిండు,
గిన్నెల ఉమ్మిండు, చెడ్డీ గూడ విప్పిండు.
ఇంక తియ్యడానికి ఒంటి మీద ఏం లేదు.
నా సంచి దిక్కు చూసిండు.
కత్తి తీసిన.

పేపర్ల చుట్టి జోకితే జుట్టు ఎనభై గ్రాములు.
పది గ్రాముల సందుల నుంచి బరిలకు దూరిండు,
నున్నటి నెత్తి మీద హెడ్‌గార్డు జారుతుంటే
ఎడమ చేత్తో సర్దుకుంట, కుడిచేత్తో గెలిచిండు.

బల్లార్షా స్టేషన్ల దిగితే
వాళ్ల నాయిన బాపు, మూడో నంబరు గనిల టింబర్ పని,
మెడల్ చూడలే. గుండు చూసిండు.
"నేనింక బతికే ఉన్న గదరా" అన్నడు.
ప్లాట్‌ఫారమంత నవ్వింది. ఆయన గూడ.
నవ్వు నడుమ దగ్గు వచ్చింది.
అప్పటికి అది దగ్గే.

మా తాలీం అంటే పేపర్‌మిల్లు ఎనక రేకుల షెడ్డు.
గుద్దే బస్తా నిండ మిల్లు పారేసిన కాగితం,
తడిసినయి, మడతబడ్డయి, లెక్కకు రానియి.
వాన పడ్డనాడు బస్తా బరువెక్కేది,
వాని గుద్దు గూడ.
మరాఠీల తిట్టేటోడు డోంగ్రే సారు,
తెలుగుల లెక్కపెట్టేటోణ్ణి నేను.
మూడే రౌండ్లు.

అప్పుడు బనీను ఉండేది, వీపు మీద చంద్రపూర్ అని.
రక్తం కనిపిస్తే డాక్టరు ఆపేటోడు.
గెలిస్తే కప్పు, డజను అరటిపండ్లు,
రైల్వేల కొలువొస్తదని ఒక మాట.
ఆ మాట నాలుగేండ్లు వస్తనే ఉన్నది.
రోజుకెన్ని రైళ్లు ఆగుతయి మా ఊర్ల!

ముంబై నుంచి ఒకాయన దిగిండు, తెల్లబూట్లు.
బొగ్గుబూడిద అంటకుంట
మా గల్లీల ఎట్ల నడిచిండో ఇప్పటికీ సమజ్ కాదు.
రాజలింగు బూట్లు చూడలే, కాగితం చూసిండు.
కాగితమంటే గుద్దేదనే తెలుసు వానికి,
సంతకం పెట్టేది గూడ అని ఆనాడు తెలిసింది.

బనీను పోయింది. హెడ్‌గార్డు పోయింది.
గ్లవుజులు చిన్నగైనయి, రౌండ్లు ఎనిమిదైనయి.
పేరు గూడ కురచ చేసి పోస్టర్ల మీద "రాజ్" అన్నరు.
సిల్కు అంగీ మీద సిమెంటు కంపెనీ.
పుణె, గోవా, బ్యాంకాకు,
నాది మాత్రం అదే సంచి:
దూది, వాజెలిన్,
దుకాణంల గడ్డాలకు రాసే పటిక.
పటిక రూల్ల లేదు. అరచేతుల దాచేటోణ్ణి.
ఎడమ కనుబొమ్మ రెండుగ విచ్చుకుంటే
అరవై సెకన్లు బొటనేలు ఒత్తిపట్టి
"ఎన్నో రౌండురా?" అని అడిగేది, తెలివి ఉన్నదో లేదోనని.
"లెక్క నీది గదనే" అనేటోడు.

బెల్టు ఆటకు పన్నెండొద్దుల ముంగట బాపు పోయిండు.
రొమ్ముల నిండ మూడో నంబరు గని.
రెండోసారి గుండు వర్ధా ఒడ్డున గీసిన.
ఈసారి జుట్టు జోకలే.

తూకం నాడు రెండు కిలోలు తక్కువున్నడు.
జన్మల మొదటిసారి
కడుపునిండ తిని కాటా ఎక్కొచ్చు.
తినలే.

తొమ్మిదో రౌండుల ఎదుటోడు మోకాళ్ల మీద కూలిండు.
రెఫరీ ఇంగ్లీషుల లెక్కపెట్టిండు, నేను తెలుగుల.
నా పది ముందుగాల అయిపోయింది.
మైకిస్తే మావోడు వాళ్ల నాయిన పేరు ఒక్కటే చెప్పిండు.
ఆడ ఎవలకు అర్థం కాలే,
స్పాన్సరు పేరనుకొని చప్పట్లు కొట్టిండ్రు.

తర్వాత రెండు ఓడిండు. కన్ను మసకైంది. చాలన్నడు.
బెల్టు మా దుకాణంల అద్దం పైన మేకుకున్నది,
నాగ్‌పూర్ రైలు పోయినప్పుడల్ల కదులుతది.

మొన్న అదే నాగ్‌పూర్ల సబ్‌జూనియర్ పోటీలు.
మా తాలీం పిల్ల, లస్మక్క మనుమరాలు,
నలభై ఎనిమిదికి నూటాయాభై గ్రాములెక్కువ.
ఏడ్సుకుంట జడ ముందుకేసి
నా సంచి దిక్కు చూసింది.

నేను జిప్పు తీసేలోపు
రాజలింగు కవరు రెండు ముక్కలుగ చింపిండు.
ఒకటి పిల్లకు చుట్టిండు,
ఒకటి తను చుట్టుకున్నడు.
నలభై రెండేండ్లు, పెద్ద బొర్ర.
స్టేడియం మెట్లు ఎక్కుతున్నరు, దిగుతున్నరు,
ఆయన ఎనకబడుతున్నడు.

నేను కింద కూసోని లెక్కపెడుతున్న.